పండు పళ్ళు

"మా పిల్లి నోరు వాసనొస్తోందండీ" అని ఎవరితోనైనా అని చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత, "పిల్లి నోరు కంపు కొట్టక మల్లెపూల వాసన వస్తుందా?" అంటారు. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురితో అన్నాను. ఒకావిడ మాత్రం కొంచెం జాలిపడి, ఒక పుదీనా ఆకు తినిపించమన్నారు.

నిజానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లి నోరు కంపు కొట్టదు. చేప తిన్న గంటసేపు చేప వాసన వస్తుంది, అది తిండి వాసన. మనం ఉల్లిపాయ తిన్నా అంతే కదా. కానీ తిన్నా తినకపోయినా, పొద్దున్నా రాత్రీ ఒకేలా, దగ్గరికి రాగానే మనం ముఖం తిప్పుకునేలా వాసన వస్తోందంటే అది తిండి వాసన కాదు. లోపల ఏదో పాడవుతున్న వాసన. ఈ సంగతి మా పండు వల్ల నాకు వివరంగా తెలిసింది. పిల్లుల్ని పెంచేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. పిల్లి లేనివాళ్ళు కూడా చివరిదాకా చదవండి, ఇందులో మా అత్తయ్యగారు కూడా ఉన్నారు.

పండు అంటే మా పిల్లి. ఆరేళ్ళ క్రితం వానాకాలంలో సెల్లార్‌లో ఎవరిదో స్కూటర్ కింద అరుస్తుంటే మా అమ్మాయి చున్నీలో చుట్టుకుని తెచ్చింది. బాగా మగ్గిన బంగినపల్లి రంగులో ఉన్నాడని పండు అని పేరు పెట్టింది. వాడికి నాలుగైదు నెలల వయసులో ఒకసారి ఇల్లు ఊడుస్తుంటే చీపురుకి బియ్యపు గింజంత తెల్లటి ముక్క తగిలింది. చూస్తే పాలపన్ను. పిల్లులకి కూడా పాలపళ్ళు ఉంటాయి, ఇరవై ఆరు. ఆరు నెలలు వచ్చేసరికి అవి ఊడిపోయి 30 అసలు పళ్ళు వస్తాయి. చాలా పళ్ళు తిండితో పాటు మింగేస్తాయి కాబట్టి మనకి కనబడవు. ఆ పన్ను మా అమ్మాయి తన చెవిదుద్దుల డబ్బాలో ఇప్పటికీ దాచుకుంది.

కిందటేడు దసరా అయ్యాక వాసన మొదలైంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నేను నడుం వాల్చగానే వాడు వచ్చి ఛాతీ మీద కూర్చుని నా ముఖంలో ముఖం పెట్టి ఆవలిస్తాడు. అది వాడి అలవాటు. ఆ ఆవలింతలో సింకు గొట్టం విప్పినప్పుడు వచ్చే వాసన. అత్తయ్యగారితో అంటే, "బల్లుల్ని తింటే రాదూ మరి!" అన్నారు. మావారు, "చేపలు మానిపించు" అన్నారు. వాడు బల్లిని ఆడిస్తాడే గానీ తినడు. చేపలు మానిపించి చూశాను. వాసన తగ్గలేదు.

అప్పట్నుంచి వాడు తినడం గమనించడం మొదలుపెట్టాను. గిన్నె చప్పుడవగానే పరుగెత్తుకు వస్తాడు, అంటే ఆకలి ఉంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. తల ఎడమ పక్కకి వంచుతాడు. ఉన్నట్టుండి ఎవరో గిల్లినట్టు కీచుమని అరిచి, గిన్నెని చూసి బుస్సుమని, వెనక్కి పారిపోతాడు. పది నిమిషాల తర్వాత మళ్ళీ వచ్చి దూరంగా కూర్చుని గిన్నెనే చూస్తుంటాడు.

అది చూసినప్పుడు నాకు తెనాలి రామకృష్ణుడి పిల్లి గుర్తొచ్చింది. కథ మీ అందరికీ తెలిసిందే. రాయలవారు పిల్లుల్ని పెంచమని ఆవుల్ని ఇస్తే, మిగతావాళ్ళంతా పిల్లులకి పాలు పోసి బలిపించారు. రామకృష్ణుడు మాత్రం మొదటి రోజే మరిగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. పాలన్నీ ఆయన ఇంటికి మిగిలాయి. చిన్నప్పుడు ఆ తెలివికి పగలబడి నవ్వాం. బీఏలో మా మేడమ్ చెప్పినప్పుడూ నవ్వాం. కానీ ఆ కథని పిల్లి వైపు నుంచి చూస్తే అందులో నవ్వడానికేముంది? గిన్నె దగ్గర నొప్పి పుట్టింది కాబట్టి ఆ పిల్లికి గిన్నే శత్రువైంది. మా పండుకీ అదే జరుగుతోంది. నొప్పి నోట్లో ఉందని వాడికి తెలియదు, గిన్నెలో ఉందనుకుంటున్నాడు.

ఇంకోటి కూడా గమనించాను. వాడు ఒళ్ళు నాక్కోవడం తగ్గించాడు. నడుం మీద బొచ్చు ఉండలు కట్టింది. పిల్లిని సంస్కృతంలో మార్జాలం అంటారు కదా, ఆ మాట 'తుడుచుకోవడం, శుభ్రం చేసుకోవడం' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని చెబుతారు. మార్జనం అన్నా అదే. అంటే శుభ్రం చేసుకోవడమే దాని పేరు. అలాంటిది ఒళ్ళు తుడుచుకోవడం మానేసిందంటే బద్ధకం అనుకోకూడదు. నాలుక కదిపితే ఎక్కడో నొప్పి పెడుతోందన్నమాట.

ముందు దగ్గర్లో ఉన్న డాక్టర్‌కి చూపించాం. ఆయన నోరు తెరిచి చూడకుండానే, "పిల్లి నోరు అలాగే ఉంటుందమ్మా" అని విటమిన్ చుక్కలు రాసిచ్చారు. వారం వేశాను. వాడు ఇంకా చిక్కిపోయాడు. దాంతో మా అమ్మాయీ నేనూ బుట్టలో పెట్టుకుని సిటీ అవతల ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక డాక్టరమ్మ. చిన్న వయసే. వాడితో కాసేపు మాట్లాడి, గడ్డం కింద గోకి, బొటనవేలితో పై పెదవి చటుక్కున ఎత్తి, "ఇటు చూడండి మేడమ్" అంది.

పైన దవడ పళ్ళకి పసుపు, గోధుమరంగు కలిసిన పెచ్చు. చిగురు అంచున కుంకుమ గీత గీసినట్టు ఎర్రటి చార. కింది దవడలో కోర వెనక మొదట కనిపించే పన్ను మీదికి చిగురు ఎర్రగా పాకి ఉంది. అక్కడ దూదిపుల్ల తాకించగానే, వాడు నోరు మూసుకునే ఉన్నా, దవడ దానంతటదే టకటకా కొట్టుకుంది. చలికి మన పళ్ళు కొట్టుకున్నట్టు. "అంత నొప్పిగా ఉందన్నమాట" అంది ఆవిడ.

తర్వాత ఆవిడ చెప్పినవి నాకు అర్థమైనట్టుగా చెబుతాను. మన తెలుగులో దీనికి చక్కటి మాటలున్నాయి. పాచి, గార. తిన్నాక పంటి మీద మెత్తగా పేరుకునేది పాచి. ఒక్క రోజులో తయారవుతుంది. దాన్ని తుడవకపోతే లాలాజలంలో ఉండే ఖనిజాలు పట్టి కొన్ని రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. పాచి బ్రష్షుకి పోతుంది, గార పోదు. చిగురు కింద పాచి చేరితే చిగురు వాస్తుంది. ఆ దశలో శుభ్రం చేస్తే మామూలైపోతుంది. ఇంకా వదిలేస్తే పంటిని పట్టుకుని ఉండే ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక మళ్ళీ రాదు. కంపంతా అక్కడ పెరిగే క్రిములది.

పిల్లులకి మాత్రమే బాగా ఎక్కువగా వచ్చే బాధ ఇంకొకటుంది. మనకి పన్ను పుచ్చినట్టు వాటికి పెద్దగా పుచ్చదు. కానీ పన్ను తనంతట తానే కరిగిపోతుంది. శరీరంలోని కణాలే పంటిని కొరికి తినేస్తాయి. ఎందుకు అలా జరుగుతుందో ఇంతవరకు ఖచ్చితంగా తేలలేదు. వయసు పెరిగేకొద్దీ చాలా పిల్లుల్లో కనిపిస్తుందట. చిగురు అంచున చిన్న ఎర్రటి గుంటలా ఉంటుంది, లోపల నరం బయటపడి ఉంటుంది. మనకి జివ్వుమనే పన్ను మీద ఐస్ పెట్టినట్టు. దానికి సిమెంటు నింపినా నిలవదు, పన్ను తీసేయడమే మందు. వేరు ఎంత మిగిలిందో ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు.

కొన్ని పిల్లులకి నోరంతా, గొంతు వెనకదాకా పుండులా ఎర్రబడుతుంది. వాటి ఒళ్ళు ఆ పాచిని ఏమాత్రం ఓర్చుకోలేదట. జలుబు తెప్పించే ఒక వైరస్‌కీ దానికీ సంబంధం ఉందంటారు. అలాంటి వాటికి దవడ పళ్ళన్నీ, ఒక్కోసారి మొత్తం పళ్ళన్నీ తీసేయాల్సి వస్తుంది. వినగానే నాకు గుండె జారింది. "పళ్ళు లేకుండా ఏం తింటుందమ్మా?" అన్నాను. "నొప్పి పుట్టే పళ్ళతో తినలేదు గానీ, పళ్ళు లేకపోతే హాయిగా తింటుంది మేడమ్" అంది. ఆలోచిస్తే నిజమే. పిల్లి దవడ కిందికీ పైకీ కదులుతుంది గానీ ఆవులా పక్కలకి తిప్పి నమలదు. దాని పళ్ళు కోయడానికే, రుబ్బడానికి కాదు. మనం మెత్తగా చేసి పెడితే అది నాలుకతోనే లాక్కుని మింగేస్తుంది.

డాక్టరమ్మ వాసన గురించి కూడా అడిగింది. ఎలాంటి వాసన? ఉచ్చ కంపులా ఘాటుగా ఉంటే మూత్రపిండాలు చూడాలి. తియ్యగా, గోళ్ళరంగు తుడిచే మందులా ఉంటే షుగరు ముదిరిందేమో చూడాలి. అవును, పిల్లులకీ షుగరు వస్తుంది. నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడా, బరువు తగ్గాడా అని అడిగి, రక్త పరీక్షకి పంపింది. అందుకే ఇంట్లో మనమే తేల్చేసుకోకూడదు. నోటి వాసన నోటిదే కానక్కరలేదు.

రక్తం బాగానే ఉంది. మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, గార తీసి, పాడైన పళ్ళు తీసేయాలి. ఖర్చు పదిహేను వేలు దాటొచ్చు అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. మావారు పేపర్ దించి, "ఇంటి పన్ను కట్టాం, నీటి పన్ను కట్టాం, ఇప్పుడు పిల్లి పన్ను కూడానా?" అన్నారు. నాకూ నవ్వొచ్చింది, కాదనను. కానీ ఆ నవ్వు వెనక అసలు మాట ఉంది. ఆయన దుర్మార్గులు కాదు. నెలాఖరు, అమ్మాయి ఫీజు, అత్తయ్యగారి బీపీ మందులు. పదిహేను వేలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. "వీధిలో పిల్లులకి ఎవరు పీకిస్తున్నారు పళ్ళు? అవి బతకట్లేదా?" అన్నారు. వీధిలో పిల్లులు ఎన్నేళ్ళు బతుకుతున్నాయో, చివరి రోజుల్లో ఏం తింటున్నాయో మనమెవరం చూశాం?

అత్తయ్యగారు మంచం మీద నుంచే తీర్పు చెప్పేశారు. "పిల్లికి పంటి డాక్టరేంటే అమ్మాయ్, వినడానికే విడ్డూరం! ఆ లవంగ నూనె సీసా ఇలా తే, రెండు చుక్కలు దూదితో అద్దుతాను. నేను ఎన్నేళ్ళుగా దాంతోనే నెట్టుకు రావట్లేదూ?"

ఈ ఒక్క విషయం దయచేసి గుర్తుపెట్టుకోండి. లవంగ నూనె మనకి మందు, పిల్లికి విషం. మన కాలేయం విరిచేసి బయటికి పంపించే చాలా పదార్థాల్ని పిల్లి కాలేయం విరవలేదు, దానికి ఆ శక్తి పుట్టుకతోనే తక్కువ. లవంగ నూనె, టీ ట్రీ నూనె లాంటి ఘాటు నూనెలన్నీ దానికి ప్రమాదమే. పారాసెటమాల్ అయితే మరీను. పెద్దలు వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీసేయగలదు. జాలిపడి చిన్న ముక్క కూడా వేయకండి. మన టూత్‌పేస్టు కూడా వద్దు. అది ఉమ్మేయడానికి చేసింది, పిల్లికి ఉమ్మడం రాదు, మింగేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పులుసు కూడా పెట్టకూడదు, రక్తం విరిగిపోతుంది.

సీసా తీసి పై అరలో పెట్టేశాను. అత్తయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. నేను ఇంకేం వాదించలేదు. రాత్రి అందరూ పడుకున్నాక బీరువాలోంచి చీటీ డబ్బులు తీసి లెక్కపెట్టాను. మిక్సీ మార్చుదామని ఉంచుకున్నవి. మిక్సీ ఇంకో ఏడాది అరుస్తుందిలే అనుకున్నాను. పొద్దున్నే మావారితో, "మీ జీతంలోది అడగట్లేదు. ఆసుపత్రి దాకా బండి మీద దింపండి చాలు" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. బండి మీద కాదు, ఆటో పిలిచారు, ఆయనా ఎక్కారు.

ముందు రోజు రాత్రి నుంచి తిండి ఆపమన్నారు. అసలే సరిగా తినని ప్రాణి. అందుకే పొద్దున మొదటి వంతు మాకే ఇచ్చారు. పిల్లిని రోజుల తరబడి పస్తు ఉంచకూడదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి పట్టేసి, ప్రాణం మీదికి వస్తుంది. ముఖ్యంగా కాస్త బొద్దుగా ఉన్నవాటికి. "పస్తుంటే అదే తింటుందిలే" అనే మొండి మందు పిల్లి దగ్గర పనికిరాదు.

పూర్తి మత్తు ఎందుకు, గట్టిగా పట్టుకుని గార గీకేస్తే సరిపోదా అని మావారు అడిగారు. కొన్నిచోట్ల అలా చేస్తారట కూడా. దానివల్ల పైకి పన్ను తెల్లబడుతుంది, రోగం చిగురు కింద అలాగే ఉంటుంది. అమెరికాలో జంతువుల పంటి వైద్యుల సంస్థ కూడా మత్తు లేకుండా చేసే ఆ శుభ్రం వద్దనే చెబుతుంది. మత్తిచ్చినప్పుడు గాలి గొట్టంలోకి ఒక ట్యూబు వేస్తారు, కడిగిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా. చిగురు కింద కూడా గీకి, చివర్లో పంటిని నున్నగా పాలిష్ చేస్తారు. గరుకుగా వదిలేస్తే పాచి మళ్ళీ తొందరగా పడుతుంది.

రెండున్నర గంటలు బయట బల్ల మీద కూర్చున్నాం. పక్కన ఒకాయన కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. మావారు ఆయనకి పిల్లి దవడ ఎలా పనిచేస్తుందో నేను చెప్పిన పాఠమంతా అప్పగించారు.

మూడు పళ్ళు తీశారు. కింద అటూ ఇటూ ఒక్కొక్కటి, పైన ఒక దవడ పన్ను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. పైకి సగం పన్ను కనబడుతోంది, లోపల వేరు చెదలు తిన్న దూలంలా ఉంది. "దీంతో నెలల తరబడి తింటున్నాడు" అంది. మావారు ఆ బొమ్మని చాలాసేపు చూశారు. బిల్లు దగ్గర నేను పర్సు తీసేలోపే సగం ఆయన కట్టేశారు. పన్ను అనే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక వాడు మత్తుగా గోడకేసి కూర్చున్నాడు. చికెన్ ఉడకబెట్టి, ఉప్పు కూడా వేయకుండా, మిక్సీలో మెత్తగా చేసి పెట్టాను. అదే ముసలి మిక్సీ. రాత్రి తొమ్మిదింటికి మెల్లగా వచ్చాడు. వాసన చూశాడు. ఒకసారి నాకి ఆగాడు, నొప్పి కోసం ఎదురుచూస్తున్నట్టు. మళ్ళీ నాకాడు. అరవలేదు. గిన్నె మొత్తం ఖాళీ చేసి గిన్నెని కూడా జరుపుకుంటూ వంటింటి గుమ్మం దాకా నాక్కుంటూ పోయాడు. అత్తయ్యగారు మంచం మీద నుంచి వంగి చూస్తున్నారు. "దొంగ వెధవ, ఎన్నాళ్ళు ఓర్చుకున్నాడే!" అన్నారు.

పదిహేను రోజుల్లో వాసన పోయింది. బొచ్చు నున్నబడింది. ఇప్పుడు రోజూ రాత్రి తిండికి ముందు వాడికి పళ్ళు తోముతాను. నవ్వకండి, కష్టం కాదు. చిగుళ్ళు ఎర్రగా, నొప్పిగా ఉన్న పిల్లికి మాత్రం మొదలుపెట్టకూడదు, ముందు డాక్టర్‌కి చూపించాలి. లేకపోతే బ్రష్షే ఇంకో పాలగిన్నె అవుతుంది. మానాక, మొదటి వారం గడ్డం కింద గోకుతూ వేలితో పెదవిని తాకి వదిలేసేదాన్ని, వెంటనే తిండి. రెండో వారం చికెన్ ఉడికిన నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డ వేలికి చుట్టి కోర మీద ఒక్కసారి రుద్దడం, వెంటనే తిండి. నెలకి చిన్న బ్రష్షు, పిల్లుల కోసమే చేసే పేస్టు. అది కోడిమాంసం రుచిలో ఉంటుంది. తీపి రుచి పెట్టినా వాటికి తెలియదు. తీపిని గుర్తించే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మావారు వాడికి చూపించి ఊరించే జాంగ్రీని వాడు ఎందుకు లెక్కచేయడో అప్పుడు అర్థమైంది.

బుగ్గ వైపు మాత్రమే తోమితే చాలు. లోపలి వైపు సంగతి ఆకురాయిలాంటి దాని నాలుకే చూసుకుంటుంది. నోరు పూర్తిగా తెరవక్కర్లేదు. ఒక్కో పక్క పదిహేను సెకన్లు. రోజూ చేస్తే మంచిది, ఎందుకంటే పాచి గారయ్యే లోపే పోవాలి. కరకరలాడే గింజల తిండి పళ్ళు శుభ్రం చేస్తుందని అందరూ అంటారు గానీ, మామూలు గింజ తగలగానే పుటుక్కున విరిగిపోతుంది, పంటిని తోమదు. బిస్కెట్టు తింటే మన పళ్ళు శుభ్రమవుతాయా? పళ్ళ కోసమని ప్రత్యేకంగా చేసే తిండి వేరే ఉంది. వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర ఉందేమో చూసి కొనుక్కోవాలి. ఉడికిన ఎముకలు అస్సలు వద్దు, సూదుల్లా విరుగుతాయి. బ్రష్షు ఒప్పుకోని పిల్లులు కూడా ఉంటాయి. వాటికి ఏడాదికొకసారి నోరు చూపిస్తే చాలు, యుద్ధం చేయక్కర్లేదు.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. మామయ్యగారు పోయాక అమలాపురం నుంచి మా దగ్గరికి వచ్చేశారు. రెండేళ్ళుగా ఆవిడ కూడా ఒక పక్కే నమలడం, మురుకుల్ని కాఫీలో నానబెట్టుకోవడం, కిందటి సంక్రాంతికి "చెక్కలు వద్దులే, నూనె పదార్థం, సున్నుండలు చాలు" అనడం నేను చూస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు అడిగినా, "నాకేం నొప్పి? నిక్షేపంలా ఉన్నాను" అనేవారు. ఆసుపత్రికి రమ్మంటే, "ఇంకెన్నాళ్ళు ఉంటాను, ఈ పళ్ళకి డబ్బు తగలేయడం ఎందుకు" అనేవారు. కొడుకు ఎదుట అసలు ఆ మాటే రానిచ్చేవారు కాదు.

పండుకి పళ్ళు తీసిన నెలరోజుల తర్వాత, ఒక రాత్రి నేను వాడికి తోముతుంటే పక్కనే కూర్చుని చూస్తున్నారు. మావారు టీవీ దగ్గరున్నారు. అత్తయ్యగారు గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ పిల్లి డాక్టరమ్మ మనుషులకి కూడా చూస్తుందా?" అన్నారు.

నేను నవ్వలేదు. నవ్వితే ఆ మాట మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుందని నాకు తెలుసు. "మనుషులకి వేరే ఉంటారు అత్తయ్యగారూ, రేపు పొద్దున్నే వెళ్దాం" అన్నాను. "వాడికి చెప్పకు" అన్నారు. "చెప్పను, టిఫిన్ తిని గుడికి వెళ్తున్నామని బయల్దేరదాం" అన్నాను. తర్వాత నేనే ఆయనకి చెప్పాను, అది వేరే సంగతి.

రెండు విరిగిన వేర్లు చిగురులో ఉండిపోయి చీము పట్టాయట. డాక్టర్ ఎంతకాలంగా నొప్పి అని అడిగితే, నా వైపు చూడకుండా, "మా ఆయన ఉన్నప్పట్నుంచీ" అన్నారు. మామయ్యగారు పోయి నాలుగేళ్ళయింది. ఒక ఇంట్లో, ఒక కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని తింటూ, నాలుగేళ్ళు! పిల్లి నొప్పి దాచుకుందంటే అర్థముంది. అడవిలో నొప్పి బయటపెట్టిన జంతువు ఇంకో జంతువుకి ఆహారమైపోతుంది, దాని రక్తంలో ఆ భయం ఉంది. మన ఆడవాళ్ళకి ఏ అడవి నేర్పింది ఇది? "నాకేం నొప్పి" అనడం, నానబెట్టుకు తినడం, డబ్బు మాట వచ్చేసరికి ముందు మన పేరే కొట్టేసుకోవడం.

మీ ఇంట్లో పిల్లి ఉంటే, రేపు మధ్యాహ్నం అది మీ పక్కన మగతగా పడుకున్నప్పుడు ఒకసారి పై పెదవి మెల్లగా ఎత్తి చూడండి. చిగురు లేత గులాబీ రంగులో ఉండాలి, ఎర్ర గీత ఉండకూడదు. తిండి జారవిడుస్తున్నా, చొంగ కారుస్తున్నా, మూతిని పంజాతో రుద్దుకుంటున్నా చూపించండి. మీ ఇంట్లో అత్తగారో అమ్మో ఉంటే, ఆవిడ జంతికని ఏ పక్క నములుతున్నారో కూడా చూడండి. అద్దంలో మీ నోరు కూడా.

అత్తయ్యగారికి కింద పళ్ళ సెట్ అమర్చి రెండు నెలలైంది. మొన్న క్యాలెండర్ తిరగేస్తూ, "ఈసారి పండక్కి సున్నుండలు వద్దు, చెక్కలు చెయ్యి. కాస్త పల్చగా వత్తు" అన్నారు. మావారు వంటింట్లోకి వచ్చి నన్ను చూసి, "కొత్త మిక్సీ ఎంతలో చూద్దాం?" అన్నారు. చెక్కలకి మిక్సీ ఎందుకండీ అన్నాను. ఎందుకో ఒకందుకు చూద్దాంలే అన్నారు.